ఎడమచేతి హుక్

రాగిజావ పొయ్యి మీద ఉన్నంతసేపూ గరిటె ఆపకూడదు. ఆపితే ఉండలు కడుతుంది. ఉండలు కట్టిన జావని ఫిలిప్ ముట్టడు. అందుకని స్టెల్లా ఒక చేత్తో గిన్నెని పట్టకారుతో పట్టుకుని, ఇంకో చేత్తో కలుపుతూనే ఉంది. చెవులు మాత్రం వరండాలో ఉన్నాయి.

వరండాలో బంతి చప్పుడు. టప్పు, టప్పు, టప్పు. అయిదున్నర కూడా కాలేదు. కిటికీ అవతల ఇంకా మసకగానే ఉంది. బందరు రోడ్డు మీద పాలవ్యాను హారన్ కొట్టుకుంటూ పోయింది. టప్పు, టప్పు. ఆ చప్పుడు వినబడుతున్నంతసేపూ స్టెల్లాకి ఊపిరి సరిగ్గా ఆడుతుంది. చప్పుడుందంటే తండ్రి నిలబడి ఉన్నట్టు, చెయ్యి ఆడుతున్నట్టు, గుండె ఆడుతున్నట్టు.

చప్పుడు ఆగింది.

స్టెల్లా లోలోపల అంకెలు లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఏడుకి వచ్చేసరికి ఇక ఆగలేక, గరిటె వదిలేసి పరిగెత్తింది.

ఫిలిప్ వరండా స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. బంతి కాళ్ళ మధ్య ఉంది. కుడిచెయ్యి ఎడమ భుజం మీదుంది. బొటనవేలితో కండని గట్టిగా నొక్కుకుంటున్నాడు.

"నాన్నా!"

"ఏంటే ఆ కేకలు? ఊరు లేస్తుంది."

"చెయ్యి నొప్పా?"

"నొప్పీ లేదు, గాడిదగుడ్డూ లేదు. రాత్రి పక్క తేడా అయింది." చెయ్యి దించేసి బంతి చేతిలోకి తీసుకున్నాడు. "లోపల ఏదో మాడుతోంది, వెళ్ళి చూసుకో. ఇవాళ్టికి జావ తప్పినట్టుంది. దేవుడికి స్తోత్రం."

స్టెల్లా నవ్వలేదు. మాడిన గిన్నెని దించి నీళ్ళు పోసింది. ఈ మూడు నెలల్లో ఇట్లా పరిగెత్తటం ఆమెకి అలవాటైపోయింది.

మూడు నెలల కిందట ఫిలిప్ ఆర్టీసీ గ్యారేజీలో టైరు విప్పుతూ విప్పుతూ ఆ టైరు మీదే కూలబడ్డాడు. విజయవాడలో ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి గుండెకి రక్తం వెళ్ళే దారిలో ఒకటి పూడుకుపోయి ఉంది. స్టెంటు వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చాలా విషయాలు చెప్పాడు గానీ, స్టెల్లాకి ఒక్కటే గుర్తుండిపోయింది. ఎడమచెయ్యి లాగినా, దవడ పట్టేసినా, ఊరికే చెమటలు పోసినా కూర్చుని ఆలోచించొద్దు, వెంటనే తీసుకురండి అన్నాడు.

ఎడమచెయ్యి అనగానే స్టెల్లా, తల్లి అమలమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫిలిప్‌ది ఎడమచేతి వాటం. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి ఆదివారం పొద్దున్నే చర్చి పక్కనున్న మిషన్ బడి ఆవరణలో బాస్కెట్‌బాల్ ఆడతాడు. అతనికి ఉన్నది ఒకే ఒక్క షాటు, ఎడమచేతి హుక్. ఆ షాటు పుణ్యమా అని ముప్ఫై ఏళ్ళుగా ఎడమభుజం నొప్పి పుడుతూనే ఉంది. ప్రతి ఆదివారం సాయంత్రం ఇల్లంతా పచ్చ బామ్ వాసనే. ఆట నొప్పి ఏదో, ఆ రెండో నొప్పి ఏదో బయటినుంచి చూసేవాళ్ళకి తెలిసే దారి లేదు. తెలిసేది ఒక్కడికే. ఆ ఒక్కడు నిజం చెప్పాలి.

బంతి ఆడొచ్చా అని డాక్టరుని ఎవరూ అడగలేదు. అడిగితే వద్దంటాడని ఫిలిప్ అడగలేదు. వద్దంటే ఈ మనిషి ఇంట్లో ఎట్లా ఉంటాడో ఊహించుకోలేక అమలమ్మ అడగలేదు. స్టెల్లా అడగబోయి ఊరుకుంది. రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాక, పోయిన నెల నుంచి ఫిలిప్ మళ్ళీ బడి ఆవరణలోని ఆట కోర్టుకి వెళ్తున్నాడు. "పరిగెత్తను, బోర్డు కింద నిలబడి వేస్తానంతే" అంటాడు.

పది రోజుల కిందట అమలమ్మ అవనిగడ్డ వెళ్ళింది. ఆమె అక్కకి మోకాలి ఆపరేషన్ అయింది, చూసేవాళ్ళు లేరు. బస్సెక్కుతూ కూతురితో ఒకే మాట చెప్పింది. "మీ నాన్న నోటితో చెప్పేది నమ్మకు స్టెల్లా. మొహం చూసి నమ్ము." అప్పట్నుంచి స్టెల్లాకి తండ్రి మొహం చూడటమే పని. విజయవాడ గవర్నర్‌పేటలో, తను పనిచేసే కళ్ళద్దాల దుకాణంలో కూర్చున్నా గంటకోసారి ఫోన్ చేసి గొంతు వింటుంది. అతను విసుక్కుంటే మనసు కాస్త కుదుటపడుతుంది.

కానీ నిన్నటితో ఆమె ఓపిక అయిపోయింది. నిన్న సాయంత్రం చక్రితో మాట్లాడింది.

చక్రి ఫిలిప్ దగ్గరే ఆట నేర్చుకున్నాడు. ఇప్పుడు బెంజి సర్కిల్ నుంచి కంకిపాడుకి షేర్ ఆటో తోలతాడు. స్టెల్లా రోజూ సాయంత్రం అతని ఆటోలోనే ఇంటికొస్తుంది. నిన్న ఈడుపుగల్లు దాటేసరికి ఆటోలో ఇంకెవరూ మిగల్లేదు. రోడ్డుకి రెండువైపులా చెరుకు తోటలు చీకట్లో కలిసిపోతున్నాయి.

"చక్రి అన్నా, రేపు నాన్నకి అడ్డు నిలబడకు."

"అడ్డు నిలబడకుండా? విజిలేసుకుని రిఫరీగా కూర్చోమంటావా?"

"నవ్వకు. హుక్ వేసేటప్పుడు నువ్వు ఎగరొద్దు, ఒళ్ళు ఆనించొద్దు. వదిలెయ్. ఆయన్ని వేసుకోనీ."

చక్రి అద్దంలోంచి ఆమెని చూశాడు. "బాబాయికి తెలిసిపోద్ది స్టెల్లా."

"ఎట్లా తెలుస్తుంది?"

"ఎట్లా అంటే ఏం చెప్పను? ఆయన భుజం ఆనిస్తాడు. ఇవతల నేనుండాలి. లేకపోతే తలుపు గట్టిగా నెట్టబోయి, అది తెరిచే ఉందని తెలిసినట్టుంటది."

"మరి పడిపోతే? నీతో ఒళ్ళు తగిలించుకుని, ఎగిరి, ఆ ఆయాసంలో అక్కడే పడిపోతే?"

ఆ మాట అనేసరికి ఆమెకి ఏడుపొచ్చింది. చక్రి తర్వాత జోకులెయ్యలేదు. కంకిపాడు సెంటర్‌లో ఆటో ఆపి, డబ్బులు వద్దని చెయ్యి ఊపి, "సరేలే. మిగతావాళ్ళకి కూడా నేను చెప్తాలే. నువ్వు బెంగపెట్టుకోకు" అన్నాడు.

నిన్న రాత్రి స్టెల్లా పది రోజుల్లో మొదటిసారి నిద్రపోయింది.

*

మిషన్ బడి కోర్టుకి ఒకవైపే రింగు మిగిలింది. రెండోవైపు స్తంభానికి తుప్పుపట్టిన బోల్టులు మాత్రమే ఉన్నాయి. అందుకని సగం కోర్టులోనే ఆట, ఇటు ముగ్గురు, అటు ముగ్గురు. ఆదివారం చర్చిలో ఏడింటి పూజకి ఆరున్నరకి మొదటి గంట కొడతారు. గంట మోగితే ఆట అయిపోయినట్టే.

స్టెల్లా ఎప్పటిలాగే బడి మెట్ల మీద కూర్చుంది. చిన్నప్పుడు తండ్రి వెంట వచ్చి అక్కడే కూర్చునేది. ఆమె ఎన్నడూ బంతి పట్టుకోలేదు గానీ, ఎవరి షాటు ఏదో కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఇక్కడ ప్రతి మనిషికీ సొంత షాటు ఒకటుంది. ఎన్ని నేర్చుకున్నా, పీకల మీదకి వచ్చినప్పుడు ఆ ఒక్కదాని దగ్గరికే పోతారు.

ఎరువుల కొట్టు వెంకటసుబ్బారావుకి అరవై దగ్గరపడుతున్నాయి, వంద కిలోలుంటాడు. బోర్డుకి వీపు తిప్పి, ఎదుటివాణ్ణి వెనక్కి నెట్టుకుంటూ, బండిని రివర్సు చేసినట్టు బోర్డు కింద దాకా పోతాడు. అక్కడ తిరిగి, బోర్డు మీది చిన్న గడి మూలకి కొడతాడు. అది రింగులోకి జారుతుంది. చక్రిది అబద్ధపు షాటు. రెండు చేతులతో బంతి పైకెత్తి, మునివేళ్ళ మీద లేచి, కళ్ళు కూడా రింగు మీద పెడతాడు. అది నమ్మి ఎదుటివాడు ఎగురుతాడు. వాడు గాల్లో ఉండగా చక్రి వాడి చంక కింద నుంచి దూరిపోతాడు. డిగ్రీ చదివే జాన్సన్‌కి కుడిమూల, కాలవగట్టు వైపు చోటిస్తే చాలు. దూరం నుంచి, ఎవరినీ తాకకుండా వేస్తాడు. తక్కినవాళ్ళిద్దరూ జాన్సన్ కాలేజీ స్నేహితులు, వాళ్ళకింకా సొంతంగా ఏమీ కుదరలేదు.

ఫిలిప్ షాటు వేరు. బోర్డుకి ఎడమపక్కన, గీత మీద నిలబడతాడు. బంతి అందగానే ఒక్కసారి నేలకి కొడతాడు. కుడిభుజం ఎదుటివాడి ఛాతీకి ఆనిస్తాడు. ఆ ఆన్చిన చోటినుంచే బలం తీసుకుని ఒంటికాలి మీద లేస్తాడు. ఎడమచెయ్యి తొడ పక్కనుంచి వెడల్పుగా వంపు తిరిగి, చెవి మీదుగా పైకి పోతుంది. చివర్లో మణికట్టు ఒక్కటే ఒంగుతుంది. బంతి ఎదుటివాడి వేళ్ళ మీదుగా దాటి, బోర్డుని తాకకుండా రింగులో పడుతుంది. మిషన్ బోర్డింగులో చదువుకునేటప్పుడు ఒక మలయాళీ బ్రదర్ నేర్పాడట. అదొస్తుందని ఇక్కడ అందరికీ తెలుసు. తెలిసినా మూడింట్లో రెండు పడతాయి. మూడోది చక్రి ఆపుతాడు.

ఆ రోజు మొదటి హుక్ పడింది. చక్రి చేతులెత్తాడు గానీ, కాస్త ఆలస్యంగా ఎత్తాడు.

"వయసైపోయిందిరా చక్రిగా నీకు" అన్నాడు ఫిలిప్.

"నిన్న నాలుగు ట్రిప్పులేశాను బాబాయ్, నడుం పట్టేసింది" అన్నాడు చక్రి.

రెండోది పడింది. ఫిలిప్ నవ్వాడు. మెట్ల వైపు చూసి, కనుబొమలు ఎగరేశాడు. చూశావా అన్నట్టు. స్టెల్లా చెయ్యి ఊపింది. పైట కొంగు చివర వేళ్ళకి చుట్టుకుంటూ అతని ఛాతీనే చూస్తోంది. ఊపిరి మామూలుగానే ఉంది. పెదాల రంగు మామూలుగానే ఉంది. ఇంకో పావుగంట గడిస్తే చాలనుకుంది.

మూడోదానికి వెంకటసుబ్బారావు తన జట్టు చక్రికి సాయం వచ్చాడు. వచ్చి, బంతి వెళ్ళిపోయాక ఎగిరాడు. ఆ ఒళ్ళుతో అట్లా ఉత్తిగాలిలోకి ఎగరటం చూసి జాన్సన్‌కి నవ్వాగలేదు. "అయ్యో, తప్పిపోయిందే ఫిలిప్పూ!" అన్నాడు వెంకటసుబ్బారావు, నాటకంలో మాదిరి. స్టెల్లా కళ్ళు మూసుకుంది. పాతికేళ్ళుగా ఒక్క పాయింటు కోసం ఫిలిప్‌తో గొడవపడే మనిషి ఆయన. తప్పిపోయినందుకు అయ్యో అనే మనిషి కాదు.

మూడోది పడ్డాక ఫిలిప్ నవ్వలేదు.

నాలుగోది వేస్తూ రింగు వైపు చూడలేదు. చక్రి కాళ్ళ వైపు చూశాడు. చక్రి పాదాలు రెండూ నేలకి అంటుకునే ఉన్నాయి. బంతి పడింది. ఫిలిప్ కుడిచేత్తో భుజం పట్టుకుని, గీత మీదికి మెల్లగా నడుచుకుంటూ వెళ్ళాడు. స్టెల్లా మెట్టు మీద నుంచి సగం లేచింది. భుజమా, చెయ్యా? ఆ దూరం నుంచి ఆమెకి తెలియలేదు.

అప్పుడు గంట మోగింది. స్కోరు చెరి ఎనిమిది.

సమానంగా ఉండగా గంట మోగితే ఈ కోర్టులో ఒక పద్ధతుంది. దాన్ని పెట్టింది ఫిలిప్పే. ఒక్కో జట్టునుంచి ఒకడు రావాలి, తన సొంత షాటే వెయ్యాలి, వేరేది వేస్తే పడ్డా లెక్కలేదు. అడ్డు నిలబడేది ఆ షాటు అందరికన్నా బాగా తెలిసినవాడై ఉండాలి. దొంగచాటు గెలుపు గెలుపు కాదని, తెలిసినవాడి ముందు తెలిసిన షాటు వేసి గెలవాలని ఫిలిప్ పట్టుదల.

ముందు చక్రి వేశాడు. ఫిలిప్ అతని అబద్ధానికి ఎగరలేదు. ఫిలిప్ ఎప్పుడూ ఎగరడు. చక్రికి దూరే సందు దొరక్క, గాభరాగా వేసిన బంతి రింగు అంచుకి తగిలి పక్కకి పడింది.

"ఇప్పుడు అంకుల్! అంకుల్ వేస్తే అయిపోయినట్టే" అన్నాడు జాన్సన్.

ఫిలిప్ గీత మీద నిలబడ్డాడు. ఒక్కసారి బంతి నేలకి కొట్టాడు. కుడిభుజం వెనక్కి ఆనించాడు. అక్కడ చక్రి ఛాతీ లేదు. చక్రి అరడుగు వెనక్కి జరిగాడు. ఫిలిప్ తూలాడు. స్టెల్లా లేచి నిలబడింది. అతను నిలదొక్కుకుని, బంతి పట్టుకుని వెనక్కి తిరిగాడు.

"చేతులెత్తరా."

చక్రి చేతులు భుజాల దాకా ఎత్తాడు.

"అట్లా కాదు. నేను నేర్పినట్టు ఎత్తు."

"వెయ్ బాబాయ్, గంట కొట్టేశారు. లేటయిపోతోంది."

"ఎత్తమంటున్నానా!"

చక్రి ఎత్తలేదు. అతని కళ్ళు ఒక్క క్షణం, ఒక్క క్షణమే, మెట్ల వైపు వెళ్ళాయి. ఫిలిప్ ఆ చూపు వెంటే చూశాడు. తర్వాత అందరూ అటే చూశారు.

"ఎప్పట్నుంచి ఇది?" ఫిలిప్ చాలా నెమ్మదిగా అడిగాడు.

"ఇవాళే బాబాయ్."

"పోయిన వారం?"

"పోయిన వారం నిజంగానే ఆడాం. ఒట్టు బాబాయ్."

"ఇప్పుడు ఏది నిజమో నాకెట్లా తెలిసేదిరా?"

చక్రి తల దించుకున్నాడు. వెంకటసుబ్బారావు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "నీ మంచికే కదా ఫిలిప్పూ" అనబోయి మధ్యలోనే ఆపేశాడు. ఫిలిప్ వంగి బంతిని చక్రి పాదాల దగ్గర పెట్టాడు. లేచేటప్పుడు ఎడమచేత్తో కాదు, కుడిచేత్తో రింగు స్తంభం పట్టుకున్నాడు. పట్టుకుని నాలుగైదు క్షణాలు కదల్లేదు. కోపంతోనా, కళ్ళు తిరిగా? తర్వాత స్తంభం వదిలి, చర్చికొస్తున్న జనానికి ఎదురు నడిచి ఇంటికి వెళ్ళిపోయాడు.

*

ఫిలిప్ ముందుగదిలో ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్నాడు. స్నానం చెయ్యలేదు. పూజకి రెండో గంట మోగింది, లేవలేదు. ఆసుపత్రిలో ఉన్న వారం తప్ప, స్టెల్లా ఎరిగి అతను ఆదివారం పూజ తప్పింది లేదు.

ఆమె మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. అతను ముట్టలేదు. గోడకి ఆనుకుని నిలబడి చూడసాగింది. ఫ్యాను అయిదు మీద తిరుగుతోంది. అయినా అతని పైపెదవి మీద చెమట ఉంది. తుడుచుకున్నాడు. మళ్ళీ పట్టింది. ఆట చెమట ఇంతసేపు ఉంటుందా? కోపానికి చెమట పడుతుందా? గడియారం చూసింది. వచ్చి పన్నెండు నిమిషాలైంది.

కుడిచెయ్యి మళ్ళీ ఎడమభుజం మీదికి వెళ్ళింది. ఎన్నేళ్ళుగానో చూసిన తీరే, బొటనవేలితో నొక్కటం. కానీ ఈసారి ఆ వేలు భుజం దగ్గర ఆగలేదు. కిందికి దిగింది. కండ మీదుగా మోచేతి దాకా దిగి, మోచేతి లోపలివైపు రుద్దుతూ ఉండిపోయింది.

స్టెల్లా గోడ వదిలి దగ్గరికొచ్చింది.

"నాన్నా, నొప్పి భుజంలోనేనా? చేతిలోకి దిగుతోందా?"

"నాకేం తెలుసు? చక్రిని అడుగు."

"నాన్నా, ప్లీజ్."

"సుబ్బారావుని అడుగు. ఆ కాలేజీ పిల్లల్ని అడుగు. ఊళ్ళో అందరూ మాట్లాడుకుని ఏ నొప్పో తేల్చి నాకు కబురుపెట్టండి."

"నేను అంబులెన్స్‌కి ఫోన్ చేస్తున్నా."

"చెయ్యి. పూజకొచ్చిన జనమంతా చూస్తుండగా ఎక్కనని చెప్తా. ఎక్కించే మొనగాణ్ణి కూడా పిలువు."

గొంతు పెంచలేదు. పెంచి తిట్టినా ఆమెకి ఇంత భయం వేసేది కాదు. తిట్టినప్పుడు ఊపిరి ఎంత దూరం లాగుతున్నాడో వినబడుతుంది.

ఫోన్ మోగింది. అవనిగడ్డ నుంచి అమలమ్మ. స్టెల్లా తీసేలోపే ఫిలిప్ అందుకున్నాడు.

"ఆఁ అమలా... లేచా, ఆడా, వచ్చా. నీ కూతురు జావ మాడబెట్టింది. నీకన్నా నయంలే, నువ్వయితే మాడినా తాగిస్తావు... మీ అక్క నడుస్తోందా?... నాకేం, గుండ్రాయిలా ఉన్నా. ఉంటా, పూజకి టైమైంది."

ఆ గొంతులో రవ్వంత తేడా లేదు. నవ్వు ఎక్కడుండాలో అక్కడే ఉంది. ఫోన్ పెట్టేశాక ఒక్కసారిగా అతని మొహం వాలిపోయింది. కళ్ళు మూసుకుని తల వెనక్కి ఆనించాడు. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన అమ్మకే ఫోన్‌లో దొరకని మనిషి. తను మొహం చూసి కనిపెడతాననుకుంది. మొహం చూసినా, ఊహించటమే తప్ప తెలుసుకోవటం ఉండదు. చెప్పాల్సింది ఆయనే. నిన్నటిదాకా విసుక్కుంటూనైనా ఏదో ఒకటి చెప్పేవాడు. ఆ కాస్త దారినీ నిన్న ఆటోలో కూర్చుని తనే మూసేసింది.

ఏడుద్దామనుకుంది. ఏడిస్తే అతను కళ్ళు తెరిచి చూస్తాడేమో. చూస్తే మళ్ళీ నవ్వు మొహం పెడతాడేమో. ఏడవలేదు. ఇరవై నిమిషాలైంది.

గేటు బయట ఆటో ఆగింది. ఇంజను ఆపలేదు. చక్రి చెప్పులు విప్పి, వరండాలోకొచ్చి, గడప అవతలే నిలబడ్డాడు. ఆట బట్టలు కూడా మార్చుకోలేదు.

"బాబాయ్, తప్పయింది."

ఫిలిప్ కళ్ళు తెరవలేదు.

"తిట్టు బాబాయ్. పోనీ లేచి రెండు పీకు. ఊరికే ఉంటే ఏం బాలేదు."

చక్రి గొంతు తగ్గించి స్టెల్లాతో అన్నాడు. "ఇందాక పోల్ పట్టుకున్నప్పుడు చూశా. నాకేదో నచ్చలేదు. బండి ఆన్‌లోనే ఉంచా."

"చూసేవాళ్ళు ఎక్కువైపోయారు" అన్నాడు ఫిలిప్, కళ్ళు మూసుకునే. ఆ ఒక్క మాటకి మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

స్టెల్లా ఆ ఊపిరి విన్నది. అతని కాళ్ళ మీద పడి బతిమాలాలనిపించింది. చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోవాలనిపించింది. ఆ రెండూ చేస్తే కుర్చీని ఇంకా గట్టిగా పట్టుకుంటాడని ఆమెకి తెలుసు. ఈ కుర్చీలోంచి లేచి ఆసుపత్రికి పోతే ఇక కోర్టుకి పోనివ్వరు. పోనిచ్చినా అక్కడ చేతులెత్తేవాడు ఉండడు. అతను పట్టుకుని కూర్చున్నది ఆ కుర్చీని కాదు.

"చక్రి అన్నా" అంది. "నిన్న నేను చెప్పింది తీసెయ్యి."

"తీసేశా స్టెల్లా. అందుకేగా వచ్చింది..."

"విను. నాన్న మళ్ళీ కోర్టుకొచ్చిన రోజు, అది నెలకైనా, ఏడాదికైనా, నువ్వు మామూలుగా అడ్డు నిలబడు. ఒళ్ళు ఆనించు. ఎగురు. మూడింట్లో ఒకటి ఆపు. ఆపగలిగితే మూడూ ఆపు. వెంకటసుబ్బారావుగారికి కూడా చెప్పు, మళ్ళీ నాటకాలేస్తే నేనే కోర్టులోకొచ్చి తిడతానని."

"మరి ఏదన్నా అయితే?"

"అయితే నేను మెట్ల మీదుంటాగా." అప్పటికి కళ్ళనీళ్ళు ఆగలేదు. తండ్రి వైపు తిరిగింది. "ఇంకెప్పుడూ నీ వెనకాల ఎవరితోనూ ఏమీ చెప్పను నాన్నా. కానీ నాకు చాలా భయంగా ఉంది. నువ్వు ఆడతావని కాదు. నొప్పొస్తే నాతో అనవేమోనని."

ఇంక ఏమీ అడగలేదు. అడగటానికి ఏమీ మిగల్లేదు. ఫ్యాను తిరుగుతోంది. గేటు బయట ఆటో ఇంజను కొట్టుకుంటోంది. చర్చి మైకులో పాట మొదలైంది. చక్రి గడప అవతల అట్లాగే నిలబడి, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారాడు.

ఫిలిప్ కళ్ళు తెరిచాడు. ముందు చక్రిని చూశాడు, తర్వాత కూతుర్ని. చాలాసేపు చూశాడు. నవ్వు మొహం పెట్టలేదు. ఆ మొహంలో స్టెల్లా మొదటిసారి తనకున్న భయాన్నే చూసింది.

కుర్చీ చేతిని పట్టుకుని లేచాడు. మేకుకి తగిలించిన చొక్కా తీశాడు. కుడిచెయ్యి దూర్చాడు. ఎడమచెయ్యి పైకెత్తబోయాడు. అది నడుము దాటి లేవలేదు. స్టెల్లా ఒక అడుగు ముందుకేసి ఆగిపోయింది. అతను కుడిచేత్తో ఎడమచేతి మణికట్టు పట్టుకుని, చిన్నపిల్లవాడికి తొడిగినట్టు, దాన్ని మెల్లగా చొక్కాలోకి దూర్చాడు. గుండీలు పెట్టుకోలేదు. చెప్పులు వేసుకున్నాడు. చక్రి పక్కకి తప్పుకున్నాడు. ఫిలిప్ గడప దాటి, వరండా మెట్లు ఒక్కొక్కటే దిగి, గేటు తీసుకుని ఆటో వైపు నడిచాడు.